దూరనియంత్రణపు చిన్నికార్లు: ఒక పరిచయం

మన హైదరాబాదు వాసులకు దూరాన ఉన్న వస్తువును చేతిలోనుండి నడిపించడం కొత్త విద్య కాదు. సంక్రాంతి దగ్గరపడిందంటే పాతనగరపు డాబాలన్నీ పతంగులవాళ్లతో నిండిపోతాయి. వందల అడుగుల ఎత్తున ఆడుతున్న కాగితపు ముక్కను వేలికొసలతో కుడికి లాగి, ఎడమకు వదలి, అదను చూసి పేంచ్ వేసి ఎదుటివాని దారం తెగ్గోసే నేర్పరులు ప్రతి మొహల్లాలోను ఉన్నారు. అక్కడ చేతికి, వస్తువుకు నడుమ మాంజా ఉన్నది. ఈ వ్యాసంలో పరిచయం చేయదలచిన క్రీడలో మాంజా లేదు. దాని స్థానంలో కంటికి కనిపించని రేడియో తరంగమున్నది. చూపు, చేయి, నిదానం అనే మూడింటి పొందిక మాత్రం రెంటికీ ఒకటే.

తెలుగు బోధించే ఉపన్యాసకుడు మోటార్ల గురించి వ్రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చును. ఈ సంవత్సరం మన విద్యార్థులు కొందరు ఇటువంటి కార్ల సంఘమొకటి కళాశాలలో స్థాపించుటకు అనుమతి కోరుతూ కార్యవర్గానికి అర్జీ పెట్టుకొన్నారు. ఆ అర్జీని తెలుగులో వ్రాసిపెట్టమని నా వద్దకు వచ్చినప్పుడు, దానిలోని సగం వస్తువులకు మనకు మాటలు లేవని తేలింది. మాటలు వెదకబోయి వస్తువులు నేర్చుకొన్నాను. పెద్దలు అర్జీపై నిర్ణయం తీసుకొనే ముందు విషయమేమిటో తెలియవలెను కదా. ఆ ఉద్దేశంతోనే ఈ నాలుగు పుటలు.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. నుమాయిష్‌లోను, చార్మినారు చుట్టుప్రక్కల దుకాణాలలోను దొరికే 'రిమోటు కారు' వేరు, అభిరుచి గలవారు పందేలలో నడిపే కారు వేరు. బజారు బొమ్మకు మీట నొక్కితే పూర్తి వేగం, వదిలితే నిలకడ. చక్రాలు తిరిగితే చివరికంటా తిరుగుతాయి, లేకుంటే తిరగవు. ఔను, కాదు అనే రెండు మాటలే దానికి తెలుసు. పందెపు కారు అటువంటిది కాదు. మీటను ఎంత నొక్కితే అంత వేగం, చక్రాన్ని ఎంత త్రిప్పితే అంత మలుపు. రెండవ భేదం ఇంతకన్న ముఖ్యమైనది. బొమ్మ విరిగితే పారవేయడమే. పందెపు కారులో ప్రతి మర, ప్రతి పళ్లచక్రం, ప్రతి స్ప్రింగు విడిగా దొరుకుతాయి. విప్పవచ్చును, మార్చవచ్చును, మళ్లీ బిగించవచ్చును. నా దృష్టిలో దీని విలువ అంతా ఆ విప్పుటలోనే ఉన్నది. పరుగు తరువాతి మాట.

చరిత్ర కొద్దిగా. తీగ లేకుండా దూరాన పని జరిపించవచ్చునని తొలిసారి లోకానికి చూపినవారిలో మన జగదీశ్ చంద్ర బోసు ఒకరు. 1895 ప్రాంతంలో కలకత్తాలో ఆయన సూక్ష్మ తరంగాలను గోడల గుండా పంపి అవతల గదిలోని గంటను మ్రోగించారు, తుపాకిమందును ప్రేల్చారు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటి తొట్టెలో ఒక చిన్న పడవను రేడియోతో నడిపి చూపాడు. ఆ సంవత్సరమే నవంబరులో దానికి పేటెంటు పొందాడు. ఈ పడవయే నేటి దూరనియంత్రిత వాహనాలన్నింటికి మూలపురుషుడు. కార్ల విషయంలో ఇటలీ దేశస్థులు 1960 దశకంలోనే అమ్మకానికి తెచ్చినా, ఈ సరదాను ఇంటింటికి చేర్చినది జపాను. షిజుఓకా నగరంలో కలప వ్యాపారంతో మొదలై ప్లాస్టిక్ నమూనాలకు మారిన తమియా సంస్థ 1976లో పోర్షె 934 అనే పందెపు కారును పన్నెండవ వంతు పరిమాణంలో రేడియోతో నడిచేటట్లు తయారుచేసింది. నమూనా కచ్చితంగా ఉండాలనే పట్టుదలతో ఆ సంస్థవారు నిజమైన పోర్షె కారునొకదానిని కొని, ముక్కముక్కగా విప్పి పరిశీలించారట. బొమ్మ చేయడానికి అసలు కారును విప్పినవారి దీక్ష మెచ్చుకోదగినది. 1980 దశకంలో మట్టిపై దూకే బగ్గీ బండ్లు రావడంతో ఈ క్రీడ అమెరికా, యూరపులలో వెల్లువలా వ్యాపించింది. అంతర్జాతీయ సమాఖ్య కూడ ఒకటి ఏర్పడి ప్రపంచ పోటీలు జరుపుతున్నది. మన దేశంలో దీనికి ఆదరువు ఎక్కువగా ఇంజనీరింగు కళాశాలల సాంకేతికోత్సవాలే. నేల మీద మలుపులు, గుట్టలు వేసి విద్యార్థులు స్వయంగా కట్టిన కార్లను పరుగెత్తించే పోటీలు ఆ ఉత్సవాలలో పరిపాటి.

ఇక పరిమాణం. ఈ కార్లను అసలు కారుతో పోల్చి ఎనిమిదవ వంతు, పదవ వంతు, పన్నెండవ వంతు అని వర్గీకరిస్తారు. అన్నింటిలో వ్యాప్తి గలది పదవ వంతు. నాలుగు మీటర్ల కారు దీనిలో నలభై సెంటీమీటర్లవుతుంది. మన పొరుగున ఉన్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 4260 మీటర్లు. ఈ చిన్నికారు లోకంలో అది 426 మీటర్లు, అనగా ఒకమాదిరి వీధి.

ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థులకు రుచించే విషయమొకటి ఉన్నది. పొడవు పదవ వంతైనప్పుడు వైశాల్యం నూరవ వంతు, ఘనపరిమాణం వెయ్యవ వంతు అవుతాయి. బరువు ఘనపరిమాణాన్ని అనుసరిస్తుంది. భాగాల గట్టితనం వాటి అడ్డుకోత వైశాల్యాన్ని అనుసరిస్తుంది. అందుచేత వస్తువు చిన్నదయ్యేకొద్దీ తన బరువుకు మించిన బలం దానికి కలుగుతుంది. చీమ తనకంటె ఎన్నో రెట్లు బరువైన గింజను మోయడంలోని రహస్యమిదే. చిన్నికారు మూడడుగుల ఎత్తునుండి పల్టీకొట్టి పడినా చక్కగా లేచి పరుగెత్తుతుంది. అసలు కారును ముప్పై అడుగుల ఎత్తునుండి పడవేస్తే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

వేగం విషయంలో అమ్మకందార్లు చెప్పే లెక్క మాత్రం నమ్మవద్దు. "ఇది గంటకు నలభై కిలోమీటర్లు పోతుంది, పదవ వంతు బండి కాబట్టి అసలు లెక్కలో నాలుగువందలు" అంటారు. కారును పదవ వంతు చేశారు గాని భూమ్యాకర్షణను ఎవరూ పదవ వంతు చేయలేదు. ఒక మీటరు లోలకం, పది సెంటీమీటర్ల లోలకం ప్రక్కప్రక్కన వ్రేలాడదీసి చూడండి. చిన్నది పదిరెట్లు త్వరగా ఊగదు. పదికి వర్గమూలమైన 3.16 రెట్లే త్వరగా ఊగుతుంది. దూకడంలో, ఊగడంలో, మలుపులో వాలడంలో చిన్నికారు లెక్క కూడ ఇదే. నలభై వేగం చూపే ప్రవర్తన అసలు కారులో సుమారు నూట ఇరవై ఆరుకు సమానం. అది కూడ తక్కువదేమీ కాదు.

కారును విప్పి చూద్దాం. చోదకుని చేతిలో ఉండేది ప్రేషకం. పిస్తోలు ఆకారంలో ఉంటుంది. చూపుడువేలి క్రింది మీట వేగానికి, ప్రక్కనున్న చిన్న చక్రం దిశకు. కారులో గ్రాహకం, అనగా రిసీవరు. ఇది తాను విన్న ఆజ్ఞను ఇద్దరికి పంచుతుంది. ఒకటి సర్వో అనే చిన్న యంత్రం, ముందు చక్రాలను త్రిప్పుతుంది. రెండవది వేగ నియంత్రకం, బ్యాటరీనుండి మోటారుకు పోయే విద్యుత్తును హెచ్చించి తగ్గిస్తుంది. గ్రాహకానికి, సర్వోకు మధ్య సాగే సంభాషణ వినసొంపైనది. సెకనుకు యాభై మార్లు ఒక చిన్న విద్యుత్ స్పందన పంపబడుతుంది. ఆ స్పందన సెకనులో వెయ్యవ వంతుసేపు ఉంటే పూర్తిగా ఒక ప్రక్కకు. రెండు వెయ్యవ వంతులుంటే మరొక ప్రక్కకు. ఒకటిన్నర అయితే నడిమికి. హ్రస్వానికొక అర్థం, దీర్ఘానికొక అర్థం. లఘుగురువులు నేర్చిన తెలుగు విద్యార్థికి ఇది చెప్పనక్కరలేకుండానే అర్థమవుతుంది.

మోటార్లు రెండు రకాలు. పాతవాటిలో కార్బన్ బ్రష్షులు తిరిగే భాగాన్ని ఒరసుకొంటూ విద్యుత్తునందిస్తాయి. అరిగిపోతాయి, నిప్పురవ్వలు రాలుస్తాయి. క్రొత్తవాటిలో బ్రష్షులు లేవు. మూడు తీగల గుండా వంతులవారీగా విద్యుత్తు పంపి అయస్కాంతాన్ని త్రిప్పుతారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు తీరాన జరిగిన ఫార్ములా ఇ పందెంలో దౌడు తీసిన విద్యుత్ కార్లలోను మూలసూత్రమిదే: లిథియం బ్యాటరీ, బ్రష్షులు లేని మోటారు, నడుమ విద్యుత్తును కొలిచి పంచే నియంత్రకం. 2024లో జరుగవలసిన రెండవ పందెం రద్దయినది గాని, ఆ ఒక్కరోజు చూసినవారికి విద్యుత్తు బండి అంటే ఏమిటో తెలిసింది. దానిని విప్పి చూసే భాగ్యం మనకు లేదు. చిన్నికారును విప్పవచ్చును.

ఒక లెక్క చేద్దాం. మోటారుపై 3500 కె.వి. అని వ్రాసి ఉన్నదనుకోండి. ఇది కిలోవోల్టు కాదు, జాగ్రత్త. ఒక్క వోల్టుకు నిమిషానికి 3500 చుట్లు అని అర్థం. బ్యాటరీ 7.4 వోల్టులైతే నిమిషానికి 25,900 చుట్లు. పళ్లచక్రాల ద్వారా ఎనిమిది మోటారు చుట్లకు ఒక ఇరుసు చుట్టు వచ్చేటట్లు అమర్చితే ఇరుసు 3237 చుట్లు తిరుగుతుంది. చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు. చుట్టుకొలత సుమారు 20.4 సెంటీమీటర్లు. నిమిషానికి 661 మీటర్లు, గంటకు దాదాపు 39.7 కిలోమీటర్లు. ఇది బరువు, గాలి, నేల ఏవీ అడ్డురాని ఆదర్శ లెక్క. నిజంగా కొలిస్తే తగ్గుతుంది. ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది అని అడుగుటతోనే ప్రయోగశాల తెరచినట్లయింది. మోటారు ప్రక్కనున్న చిన్న పళ్లచక్రానికి ఒకటి రెండు పళ్లు పెంచితే వేగం పెరుగుతుంది, దానితోపాటు మోటారు వేడి కూడ. మే మాసంలో నలభై డిగ్రీలు దాటే మన ఎండలో పళ్లు తగ్గించుకొని నడుపుట వివేకం.

చక్రాల నడుమ డిఫరెన్షియల్ అనే భాగముంటుంది. దీని అవసరం గ్రహించాలంటే ఎడ్లబండిని తలచుకోవాలి. ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఇరుసు కదలదు, చక్రాలు వేటికవి దానిపై తిరుగుతాయి కనుక చిక్కులేదు. మోటారు కారులో ఇరుసే చక్రాలను త్రిప్పాలి. రెండూ ఒకే ఇరుసుకు బిగిస్తే మలుపులో ఏదో ఒకటి నేలపై ఈడ్వబడుతుంది. రెండింటికీ బలమందిస్తూ, వేర్వేరు వేగాలతో తిరుగనిచ్చే పళ్లచక్రాల అమరికయే డిఫరెన్షియల్. దీనిని నల్లబల్లపై బొమ్మగీసి చెప్పడం కంటె చిన్నికారు వెనుక చక్రమొకటి చేతితో త్రిప్పి, రెండవది వెనక్కు తిరగడం చూపితే అరనిమిషంలో తెలుస్తుంది.

బ్యాటరీ గురించి కొంత విస్తరించక తప్పదు. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది. పూర్వం నికెల్ కాడ్మియం, పిదప నికెల్ హైడ్రైడు ఘటాలు వాడేవారు. ఒక్కొక్కటి 1.2 వోల్టులు, ఆరు కలిపితే 7.2. నేడు లిథియం పాలిమరు రాజ్యమేలుతున్నది. ఒక్కొక్క ఘటం 3.7 వోల్టులు, రెండు కలిపితే 7.4. పూర్తిగా నిండినప్పుడు ఒక్కొక్కటి 4.2కు చేరుతుంది, దానిని దాటకూడదు. మూడు వోల్టుల క్రిందికి దిగజార్చకూడదు. వాడకుండా ఉంచేటప్పుడు నిండుగాను కాక, ఖాళీగాను కాక 3.8 దగ్గర ఉంచాలి. ఈ హద్దులు మీరినా, మేకు గ్రుచ్చుకొన్నా, నలిగినా అది ఉబ్బుతుంది, పొగలు చిమ్ముతుంది, మండుతుంది. ఆ మంట చిన్నది కాదు. కనుక లిథియం కొరకే చేసిన ఛార్జరు తప్ప మరొకటి వాడరాదు. ఎవరూ చూడనప్పుడు, నిద్రపోయేటప్పుడు ఛార్జింగు పెట్టరాదు. ఉబ్బిన బ్యాటరీని "ఇంకొక్కసారి" అని వాడరాదు. చెత్తకుండీలో వేయరాదు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకొనేవారికి ఇవ్వాలి. ఐదువేల మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీని ఐదు ఆంపియర్లతో ఛార్జి చేస్తే సుమారు గంట పడుతుంది. సగటున ఇరవై ఆంపియర్లు తాగే కారులో పావుగంట వస్తుంది. గంట చదువు, పావుగంట ఆట. తల్లిదండ్రులకు ఈ నిష్పత్తి నచ్చవచ్చును.

మన విద్యార్థులలో పలువురి తండ్రులు, అన్నలు దుబాయి, జిద్దా, దోహాలలో ఉన్నారు. సెలవుపై వచ్చేటప్పుడు తమ్ముడు కోరిన కారును తెచ్చిపెట్టడం నేడు శంషాబాదులో తరచు కనిపించే ముచ్చట. అటువంటివారికి ఒక మాట ముందుగా వ్రాయండి: విడి లిథియం బ్యాటరీలను పెట్టెలో సర్దరాదు, చేతిసంచిలోనే తేవాలి. విమానపు సామాను అరలో మంట పుడితే ఆర్పేవారుండరు గనుక ఈ నియమం. నూరు వాట్ గంటలలోపు బ్యాటరీకి సాధారణంగా అనుమతి ఉన్నది. పైన చెప్పిన బ్యాటరీ 7.4ను 5తో గుణిస్తే 37 వాట్ గంటలు. దాని కొసలకు టేపు అంటించి, సంచిలో వేరుగా ఉంచుకోవాలి. అన్న ఆరునెలల చాకిరీనుండి మిగిల్చి కొన్న వస్తువును తనిఖీ బల్లపై వదిలి రావలసిన గతి పట్టరాదు కదా.

విమానాశ్రయానికి ఇంత దగ్గరలో రేడియో యంత్రాలతో ఆడవచ్చునా అన్నది కార్యవర్గ సభ్యులొకరు అడిగిన ప్రశ్న. సమంజసమైనదే. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానాల రాకపోకలు ఇక్కడికి మారినప్పటినుండి మన ఆకాశం మన ఒక్కరిదే కాదు. సమాధానం ఇది. పైలట్లు, నియంత్రణ గోపురంవారు మాట్లాడుకొనేది 118 నుండి 137 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలలో. నేటి చిన్నికార్లు వాడేది 2.4 గిగాహెర్ట్జ్, అనగా 2400 మెగాహెర్ట్జ్. రెంటికీ ఎంతో దూరం. ఈ 2.4 పట్టీని తక్కువ శక్తిగల పరికరాలకు లైసెన్సు లేకుండా వాడుకొనేందుకు భారత ప్రభుత్వం 2005లో అనుమతించింది. మన ఇళ్లలోని వైఫై కూడ ఎక్కువగా ఇందులోనిదే. అంతకు ముందు 27 మెగాహెర్ట్జ్‌లో నడిచేవి. ఆ తరంగం పొడవు పదకొండు మీటర్లు. అందుకే పాత ప్రేషకాలకు బారెడు ఏరియల్ ఉండేది. 2.4లో తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే, ఏరియల్ వేలెడయింది.

పాతరోజులలో మరొక చిక్కు. 27లో కార్లకు ఆరు స్థానాలే వాడుకలో ఉండేవి; ఒక్కొక్కదానికి ఒక రంగు జెండా. ఇద్దరు ఒకే రంగువారైతే ఒకరి మీటకు మరొకరి కారు పరుగెత్తేది. క్రొత్త పద్ధతిలో ప్రేషకం, గ్రాహకం ముందే ఒక ఒప్పందానికి వచ్చి, సెకనుకు ఎన్నోమార్లు కలిసి స్థానాలు మారుతూ పోతాయి. మరొకరు ఆ గంతులను అనుకరించలేరు. ఈ భావానికి 1942లోనే పేటెంటు తీసుకొన్నవారిలో హెడీ లమార్ అనే ప్రసిద్ధ చలనచిత్ర నటి ఒకరు కావడం చాలామందికి తెలియని విషయం. మన విద్యార్థినులు గమనింతురు గాక.

అయినప్పటికీ రెండు హెచ్చరికలు. అమెరికానుండి ఎవరైనా పాత 75 మెగాహెర్ట్జ్ సెట్టు తెచ్చి ఇస్తే దానిని ఇక్కడ వెలిగించరాదు. అది ఆ దేశపు నియమాలకు చేసినది. పైగా విమానాలు దిగే దారిలో దూరం తెలిపే సూచక యంత్రాలకు వాడే పౌనఃపున్యం కూడ 75 మెగాహెర్ట్జే. రెండవది, ప్రసార శక్తిని పెంచే యంత్రాలు తగిలించరాదు. ఇక డ్రోన్ల సంగతి వేరు. వాటికి 2021 నాటి నియమాలున్నవి. విమానాశ్రయ పరిసరాలలో ముందస్తు అనుమతి లేకుండా ఎగురవేయుట నేరం. కారు నేల విడువదు కనుక ఆ నియమాలు దీనికి వర్తించవు. మన పొరుగు ఊరి పేరు గగన్‌పహాడ్ అయినంత మాత్రాన మనమందరం గగనవిహారం చేయనవసరం లేదు.

నేల విషయంలో శంషాబాదు ప్రాంతం అదృష్టవంతమైనది. మొరం దిబ్బలున్నవి, చదును నేల ఉన్నది, అన్నిటినీ మించి దక్కను గుండ్లున్నవి. రెండువందల యాభై కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలు! ఈ క్రీడలో రాళ్లనెక్కే బండ్లని ఒక శాఖ ఉన్నది. వాటికి వేగం లేదు. నత్తనడకన, ఒక్కొక్క చక్రం ఎక్కడ ఆనుతుందో చూసుకొంటూ బండను ఎక్కించాలి. ఇతర దేశాలవారు సిమెంటుతో కృత్రిమ శిలలు కట్టుకొంటారు. మనకు ఉన్నవాటిని కంకరకొట్టి అమ్ముకొనకుండా ఉంటే చాలును.

పై తొడుగు గురించి ఒక ముచ్చట. కారు పైభాగం పారదర్శకమైన పాలికార్బొనేటు రేకు. దీనికి రంగు వెలుపల కాదు, లోపలివైపు వేస్తారు. వెలుపల వేస్తే మొదటి రాపిడికే పోతుంది. కనుక క్రమం తలక్రిందులవుతుంది. గీతలు, అక్షరాలు, పూలు ముందు. నేపథ్యపు రంగు చివర. అక్షరాలు అద్దంలో వలె తిరగవ్రాయాలి. పొనికి చెక్కతో బొమ్మలు చేసి రంగులు దిద్దే నిర్మల్, కొండపల్లి పనివారి పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఎంత చక్కని కార్లు పుట్టుకొస్తాయో అనిపిస్తుంది. ఉర్దూ తరగతిలో ఖుష్‌ఖతీ నేర్చిన మన విద్యార్థిని ఒకతె తన తమ్ముని కారుపై నస్తాలీఖ్ అక్షరాలతో 'రఫ్తార్' అని తిరగవ్రాసి చూపింది. చూడవలసిన పని.

పందెం సాగే తీరు. విద్యుత్ కార్లకు పందెం సాధారణంగా ఐదు నిమిషాలు. ముందుగా అర్హత పరుగులు, వాటి ఫలితాన్ని బట్టి శ్రేణులు. ప్రతి కారులోను అగ్గిపెట్టెకంటె చిన్నదైన గుర్తింపు యంత్రముంటుంది. గీత క్రింద పాతిన తీగచుట్టను దాటినప్పుడల్లా అది తన సంఖ్య చెప్పుకొంటుంది. చోదకులంతా ఒక ఎత్తైన వేదికపై వరుసగా నిలబడతారు. కారు తమవైపు వచ్చేటప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. క్రొత్తవారు గోడకు కొట్టేది ఇక్కడే. మనస్సులో కారులోపల కూర్చోగలిగినవాడే దీనిని దాటుతాడు. దేహబలంతో పనిలేదు గనుక బాలబాలికలు ఒకే వరుసలో పోటీపడవచ్చును.

వీటన్నిటికంటె నాకు నచ్చిన ఆచారం మరొకటి. ఒక పందెంలో పాల్గొన్నవారు ఆ వెంటనే ఇంటికి పోరాదు. తరువాతి పందెంలో మలుపుల దగ్గర నిలబడి, పల్టీకొట్టిన ఇతరుల కార్లను లేపి నిలబెట్టాలి. గెలిచినవాడికీ తప్పదు, ఓడినవాడికీ తప్పదు. నిన్ను ఇప్పుడే ఓడించినవాని కారును నీవే పరుగెత్తి లేపవలెను. మరి ఏ క్రీడలోనైనా ఇటువంటి నియమం ఉన్నదేమో వ్యాయామ ఉపాధ్యాయులు చెప్పాలి.

మాటల దగ్గరికి వస్తాను. ఈ ఊరి పేరును పాయిగా ప్రభువుల 'షమ్సుల్ ఉమరా' అనే బిరుదుతో ముడిపెట్టి చెప్పుకొంటారు. ఆ బిరుదు ధరించిన ఫక్రుద్దీన్ ఖాన్ పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో యంత్రశాస్త్రం, నీరు, గాలి, కాంతి, విద్యుత్తు మొదలైన విషయాలపై ఆంగ్ల గ్రంథాలను ఉర్దూ చేయించి, 'సిత్తయె షమ్సియా' అనే పేరుతో అచ్చువేయించారు. తరువాత 1906లో ఈ హైదరాబాదులోనే పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథాలకు పూనుకొన్నది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమయింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ఇంతమంది పెద్దలు దారివేసినా, పదవ తరగతి వరకు ఉర్దూలోనో తెలుగులోనో చదివిన మన విద్యార్థి ఇంటర్‌లో భౌతికశాస్త్రం పుస్తకం తెరచి బెదిరి, గ్రూపు మార్చుకొంటున్నాడు. ప్రతి ఏడూ చూస్తున్నదే. వానికి తెలివి లేక కాదు. మాటకు వెనుక వస్తువు కనిపించక.

ఘర్షణ అనే మాటనే తీసుకోండి. ఉర్దూలో దీనికి 'రగడ్' అంటారు. తెలుగులో రగడ అంటే సామాన్యునికి తగవు, సాహిత్య విద్యార్థికి ఛందస్సులో ఒక జాతి. మొన్న ఒక మధ్యాహ్నం నున్నని గచ్చుపై కారు జారిపోతూ మలుపు తిరగకపోతే, ఉర్దూ విభాగపు విద్యార్థి "సార్, రగడ్ తక్కువయింది" అన్నాడు. తెలుగు విద్యార్థి తగవు తీరిందనుకొన్నాడు. నవ్వులాట ముగిసేసరికి ఇద్దరికీ, నాకూ ఘర్షణ గుణకమంటే ఏమిటో తెలిసిపోయింది. చక్రాలకు మెత్తని రబ్బరు వేసి చూశారు, కారు తిరిగింది.

కార్యవర్గ పెద్దలకు నా విన్నపం. ఇది ఖర్చుతో కూడిన సరదా. నాణ్యమైన కారు కొన్ని వేల రూపాయలతో మొదలై, పందెపు స్థాయిలో పదుల వేలకు ఎగబాకుతుంది. ప్రతి విద్యార్థి ఒకటి కొనడం మన కుటుంబాలకు తగినది కాదు, కొనమనడం న్యాయమూ కాదు. కళాశాల పేర రెండు కార్లు చాలును. విప్పి బిగించుటకు ఒకటి, నడుపుటకు ఒకటి. నైట్రో ఇంధనంతో నడిచే ఇంజను బండ్లు మనకు వద్దు. మిథనాలు విషం, శబ్దం తరగతులకు భంగం. చిల్లర విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉన్నది. ముద్రణ యంత్రంతో ప్లాస్టిక్ భాగాలు చేయించుకోవాలంటే 2023లో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి సంస్థలున్నవి. మైదానంలో ఈశాన్యపు మూల ఖాళీగానే ఉన్నది.

మరొక సంగతి కూడ పెద్దల దృష్టిలో ఉండవలెను. మనకు ఒకవైపు ఆరాంఘరు దగ్గర దిగే పి.వి. నరసింహారావు వంతెన దారి, మరొకవైపు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి. రాత్రి పదకొండు దాటిన తరువాత ఈ రోడ్లపై మోటారు సైకిళ్ల పందేలు వేసే కుర్రవాళ్లలో మన విద్యార్థులు లేరని నేను ప్రమాణం చేయలేను. రెండేళ్ల క్రిందట బి.కాం. రెండవ సంవత్సరం చదువుతుండిన అబ్బాయి ఈనాడు కర్ర ఊతంతో నడుస్తున్నాడు. చిన్నికార్లు వచ్చినంత మాత్రాన ఆ పందేలు ఆగిపోతాయని నేననను. అయితే అర్జీపై ఉన్న పదకొండు సంతకాలలో రెండవది ఆ అబ్బాయిది.

అనుమతి లభించినచో మొదటి వారపు అభ్యాసం ఇది. రెండు ఇటుకలను పదడుగుల దూరంలో ఉంచి, వాటి చుట్టూ ఆంగ్లపు 8 అంకె ఆకారంలో మెల్లగా నడపాలి. మన తెలుగు ౮ పనికిరాదు. ఇటుక తగలకుండా ఇరవై చుట్లు వచ్చిన తరువాతనే వేగం. రోడ్డు మీద, పార్కింగు స్థలంలో, మనుషులు నడిచే చోట ఎప్పుడూ నడపరాదు. కిలోన్నర బరువు నలభై వేగంతో చీలమండకు తగిలితే ఎముక విరుగుతుంది. మొదలుపెట్టేటప్పుడు ముందు ప్రేషకం వెలిగించి, తరువాత కారు వెలిగించాలి. ముగించేటప్పుడు ముందు కారు ఆర్పి, తరువాత ప్రేషకం ఆర్పాలి. ఈ క్రమం తప్పితే ఆజ్ఞ ఇచ్చేవారు లేని కారు తన ఇష్టం వచ్చినట్లు పరుగెత్తవచ్చును. పిదప బ్యాటరీ విప్పి, వేడి తగ్గినదాకా నీడలో ఉంచి, ఇసుక బకెట్టు ప్రక్కనున్న ఇనుపపెట్టెలో పెట్టి, పుస్తకంలో వోల్టేజి వ్రాసి సంతకం చేయాలి.